గుట్టు తెలిసిన గొంతు

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. అక్కడి గుళ్ల ముందు కాకతీయుల కాలం నాటి శాసనాలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని ఏలిన రేచెర్ల రెడ్లు వేయించినవి. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. నామిరెడ్డి పేరు మీద నామేశ్వరాలయం ఉంది. గుడి కట్టించారు, చెరువు తవ్వించారు, దేవుడి దీపానికి భూమి రాసిచ్చారు. శాసనాలు చదువుతూ పోతే ఆ వంశం మీద ఒక్క మచ్చ కనిపించదు. అన్నదమ్ములు ఎప్పుడూ పంపకాల దగ్గర గొంతు పెంచలేదా? ఒక కోడలు పుట్టింటికి పోయి తిరిగి రాలేదన్న మాట ఆ ఇంట్లో పుట్టనే లేదా? శాసనం ఆ జోలికి పోదు. పోతే డబ్బిచ్చి చెక్కించినవాళ్లు ఊరుకుంటారా?

రాయి మీదికి ఎక్కని సంగతులు మన దగ్గర నోటి దారిన వచ్చాయి. ఎవరి నోట వచ్చాయన్నదే అసలు విశేషం. ఆ ఇంటివాళ్ల నోట కాదు. ఏటికోసారో రెండేళ్లకోసారో డోలు తగిలించుకుని, పెట్టె మోసుకుని వాకిట్లోకి వచ్చి నిలబడే మరొకరి నోట.

ఇప్పుడు ఆడియో నవలల కాలం వచ్చింది. దాసుభాషితం లాంటి యాప్‌లు తెలుగు నవలల్ని, కథల్ని చెవిదాకా తెస్తున్నాయి. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల చెవిలో ఏముందో పక్కవాళ్లకు తెలియదు. పాటే కావచ్చు, మూడు తరాల నవల కూడా కావచ్చు. పేరున్న కుటుంబం, తాళం వేసిన గది, ఇంట్లో ఎవరూ ఎత్తని ఒక పేరు, ముసలమ్మ పోయాక దొరికిన ఉత్తరాల కట్ట, ఇలాంటి నవలలు కంటితో చదివేటప్పటికంటే చెవితో వినేటప్పుడు ఎక్కువ పట్టుకుంటాయని నా అభిప్రాయం. గుట్టనేది మొదటి నుంచీ చెవిలో చెప్పుకునేదే కదా. పైగా వినేవాడు నాలుగు పేజీలు ముందుకు తిప్పి ‘ఎవరు చేశారో’ చూసుకోలేడు. చదివే గొంతు ఎంత తొందరపడితే అంతే తొందర, ఎంత ఆగితే అంతే ఆగడం.

ఈ పద్ధతిని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుకుంటున్నాం గానీ, పేరున్న వంశం కథను, దాని మచ్చలతో సహా, రాత్రుళ్లు కూర్చుని వినే ఏర్పాటు తెలంగాణ పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. ఏర్పాటు అనే అనాలి, సరదా అంటే చాలదు. ఏ కులం కథ ఎవరు చెప్పాలో, ఎక్కడ చెప్పాలో, చెప్పినందుకు ఏమివ్వాలో ముందే తేల్చిపెట్టిన కట్టుబాటు అది. గొల్లలకు మందహెచ్చులవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, చాకలివాళ్లకు పటమోళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఒక్కొక్కరికీ చెప్పుకునే ఊళ్లు పంచబడి ఉంటాయి. ఒకరి ఊరికి మరొకరు పోతే తగాదా. అడిగేది భిక్షం కాదు, హక్కు. వాకిట్లో నిలబడి ‘మీ తాత పెండ్లికి మా తాత ఇదే అరుగు మీద కథ చెప్పిండు’ అని మొదలుపెట్టగల మనిషి ముందు ఎంత పెద్ద ఆసామి అయినా తలవంచాల్సిందే.

దీని వెనక ఒక లోకజ్ఞానం ఉందనిపిస్తుంది. తన వంశం గురించి తానే చెప్పుకుంటే పొగడ్త అవుతుంది. పగవాడు చెబితే నింద అవుతుంది. ఆ ఇంటి అన్నం తింటూ, ఆ ఇంటి మనిషి కాని వాడు చెబితే రెండూ కలిసి వస్తాయి. అతనికి భయం ఉంది, చనువూ ఉంది. పొగడకపోతే వడ్లు కొలవరు. పొగడ్తే చెబితే తెల్లారేదాకా ఎవరూ కూర్చోరు. ఈ రెండింటి మధ్య నడిచే నేర్పే ఆ కళకు ప్రాణం. కథ చెప్పే పద్ధతులన్నీ అక్కడినుంచే పుట్టాయి.

సూర్యాపేటలో గొల్లల కథకు పెద్ద కొలువు దురాజ్‌పల్లి పెద్దగట్టు. హైదరాబాద్–విజయవాడ రహదారిని ఆనుకునే ఉంటుంది. లింగమంతుల స్వామి, ఆయన చెల్లెలు చౌడమ్మ అక్కడి దేవతలు. రెండేళ్లకోసారి, మాఘమాసంలో, ఆదివారం మొదలై ఐదు రోజులు జాతర. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. కేసారం నుంచి దేవతా విగ్రహాలున్న దేవరపెట్టె వస్తుంది. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు గుడి చుట్టూ తిరుగుతారు. భేరీలు, గజ్జెల లాగులు, కటార్లు, ‘ఓ లింగా’ అనే కేక. మూడో రోజు చంద్రపట్నం ముగ్గు వేస్తారు, నాలుగో రోజు నెలవారం అనే తంతు. ఏ ఇంటిపేరువాళ్లు ఏ పని చేయాలో అక్కడ పుస్తకం చూసి చెప్పరు, వంశాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఈ దేవుడికీ ఒక ఇంటి గుట్టు ఉంది. అసలు కొలువు ఇక్కడ కాదని, దగ్గర్లోని ఉండ్రుగొండ మీద అని చెబుతారు. బోనం ఎత్తుకుని గుట్ట ఎక్కుతున్న నిండుచూలాలు ఒకామె కాలు జారి పడి ప్రాణం విడిచిందట. దాంతో దేవుడు కలత చెంది, జనం ఎక్కగలిగిన చిన్న గట్టుకు దిగివచ్చాడట. తన భక్తురాలిని తన గుట్టే చంపిందని ఒప్పుకునే దేవుడి కథ ఎన్నిచోట్ల ఉంటుంది? గుడి చరిత్ర రాయించే కమిటీ అయితే ఈ ముక్కను నెమ్మదిగా తప్పించేది. చెప్పేవాళ్లు తప్పించలేదు, ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు.

గొల్లల వంశకథల్లోకెల్లా పెద్దది కాటమరాజు కథ. నిజానికి ఒక్క కథ కాదు, తరాల పొడవునా సాగే కథల గుంపు. తంగిరాల వెంకట సుబ్బారావు వీటిని సేకరించి, పరిష్కరించి రెండు సంపుటాలుగా అచ్చువేయించారు. నడుమ ఉన్న యుద్ధం 13వ శతాబ్దంలో నెల్లూరు ప్రభువు నల్లసిద్ధికీ, కాటమరాజుకూ పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర జరిగిందంటారు. తగాదా దేనికి? పుల్లరికి. అంటే పశువులు మేసినందుకు కట్టే పన్నుకు. కరువొచ్చి శ్రీశైలం వైపు నుంచి మందలు దక్షిణానికి దిగాయి. నీళ్ల వల్ల పుట్టిన పచ్చిక ఆవులకు, పుట్టిన కోడెదూడలు రాజుకు అని ఒప్పందం రాసుకున్నారు. ఆ పైన వానలు మొహం చాటేశాయి, గడ్డి ఎండింది. అప్పుడు కాపరులు వరిచేలలోకి మందను తోలారు. వరి కూడా నీళ్ల వల్ల పుట్టిన పచ్చికే కదా అని వాళ్ల వాదం!

ఇది గొల్లల సొంత కథ. చెప్పేది గొల్లల వాకిట్లో. అందులో తమవాళ్లు ఒప్పందంలో లొసుగు పట్టుకుని పరాయి పంట మేపారన్న ముక్క దాచకుండా ఉంది. రాజు ప్రియురాలి పెంపుడు చిలుక కాపరుల చేతిలో చచ్చిందని, దానికి ఆమె ఆవుల్ని చంపించిందని, అందుకే కాటమరాజు పుల్లరి కట్టనన్నాడని ఆ తర్వాత వస్తుంది. కాటమరాజు వీరుడే, దేవుడితో సమానమే. అయినా మొదటి తప్పు ఎవరిదో విన్నవాడు తేల్చుకోలేడు. శాసనానికీ ఈ కథకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఎదుటిపక్షం ఇంటి గుట్టూ ఇదే యుద్ధంలో బయటపడింది. నల్లసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన. భారతం రాసిన తిక్కన సోమయాజికి సోదరుడి వరుస. అంత పేరున్న ఇల్లు. అతను ఒకసారి యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికి వస్తే, భార్య చానమ్మ స్నానానికి నీళ్లతోపాటు మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద పెట్టిందట, ఆడవాళ్లకు పెట్టినట్టు. తల్లి విరిగిన పాలు పోసిందట. మళ్లీ పోయి పోరాడి చనిపోయాడు. ఈ సంగతి చాటువులుగా ఊరూరా తిరిగింది. కవిబ్రహ్మ ఇంటి స్నానాలగది దాకా జనం చెవులు వెళ్లాయంటే, పెద్దింటి రహస్యాల మీద మోజు ఈనాటిది కాదు.

ఇక చెప్పే పద్ధతికి వద్దాం. మందహెచ్చులవాళ్లు బొమ్మలతో చెబుతారు. కర్ర మీద రంపపొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద అద్ది, రంగులు వేసిన బొమ్మలు. చేర్యాల నకాషీలు చేసి ఇస్తారు. అన్నీ పెట్టెలో ఉంటాయి. కథలో మనిషి వచ్చినప్పుడే బొమ్మ బయటికి వస్తుంది. పెట్టెలో ఇంకా ఎన్ని ఉన్నాయో పిల్లలు మెడలు సాచి చూస్తుంటారు. ఇది చాలా పెద్ద సాంకేతికత అని నేనంటాను. నవలలో పాత్ర ప్రవేశం ఒక వాక్యం. ఇక్కడ అది కంటికి కనిపించే ఘటన. ఒకసారి బయటికి వచ్చిన బొమ్మ మళ్లీ లోపలికి పోదు. చచ్చినవాడు కూడా అరుగు మీదే నిలబడి ఉంటాడు, తన చావుకు ఎవరు కారణమో మిగతావాళ్లు మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు.

పటం కథలోనైతే ఇంకో ఏర్పాటు. గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంతో గడులు గడులుగా కథ మొత్తం గీసి ఉంటుంది. వెడల్పు గజం, పొడవు చాలా గజాలు. చుట్ట చుట్టి తెస్తారు. చెబుతున్న గడి మాత్రమే కనిపిస్తుంది. జరిగిపోయినది పైకి చుట్టుకుంటుంది, జరగబోయేది కింద చుట్టలో ఉంటుంది. రహస్యం అక్షరాలా మనిషి చేతిలో ఉంది, మనకు అరచేతి దూరంలో. కథకుడి కర్ర బొమ్మ మీద కదులుతుంటే మన కళ్లు మాత్రం కింది చుట్ట మీదే ఉంటాయి. పటం పాతబడి చిరిగితే పారేయరు, శాస్త్రోక్తంగా నదిలో కలిపేస్తారు. మనిషికి చేసినట్టే. కొత్త పటం గీయించి, పూజ చేసి తెచ్చుకుంటారు.

కానీ బొమ్మలకంటే, పటంకంటే నాకు ముఖ్యమనిపించేది వంత. ఒగ్గుకథ చూసినవాళ్లకు తెలుసు. చిన్న డమరుకం లాంటి ఒగ్గు పట్టుకుని ప్రధాన కథకుడు, పక్కన వంత, వెనక డోలు, తాళాలు. కురుమలు, గొల్లలు చెప్పే కళ ఇది. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ. బుర్రకథలోనైతే వంతలు ఇద్దరు: ఒకరు హాస్యానికి, ఇంకొకరు రాజకీయానికి. వంత పని ‘ఆహా’ అనడం అనుకుంటే పొరపాటు. వంత మన తరఫున అక్కడ నిలబడ్డ మనిషి. మనం అడగలేనిది అతను అడుగుతాడు. కథకుడు చెప్పడానికి జంకేది అతను లాగుతాడు. నమూనాకు నా మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది.

‘ఆ రాత్రి రాణి మేడ మీద ఒక్కతే లేదు.’

‘ఒక్కతే లేదా? మరెవరున్నరు?’

‘ఎవరున్నరో చెబితే రేపు నాకు ఈ ఊళ్లె బువ్వ పుడతదా?’

‘పుట్టకుంటే నా ఇంట్ల తిందువు గాని. చెప్పు.’

‘నీ ఇంట్ల ఉన్నదే గట్క. నువ్వు నాకేం పెడతవు?’

జనం నవ్వుతారు. ఈ నాలుగు మాటల్లో ఎన్ని పనులు జరిగాయో చూడండి. రాణి గుట్టు ఇంకా బయటపడలేదు, కానీ ఉందని తెలిసింది. చెప్పేవాడికి భయముందని తెలిసింది. ఆ భయం వెయ్యేళ్ల కిందటి రాణిది కాదు, ముందు వరసలో తుండుగుడ్డ వేసుకుని కూర్చున్న పటేలుది. అన్నింటికంటే మించి, గుట్టు బయటపడితే తప్పు కథకుడిది కాదు, బలవంతం చేసిన వంతది. ఆ ఇంటి వడ్లు తింటూ ఆ ఇంటి మచ్చ చెప్పడానికి ఇంతకంటే తెలివైన ఉపాయం లేదు. హాస్యం ముసుగులో వంత ఎంత మాటైనా అనేస్తాడు. ఎవరికైనా కోపమొస్తే ‘వాడు తిక్కోడు బాంచన్’ అని కథకుడు సర్దేస్తాడు.

ఆపడం ఇంకో విద్య. ముడి బిగిసిన చోట డోలు ఒక్కసారిగా ఆగుతుంది. కట్నాలు చదవడం మొదలవుతుంది. ఫలానా ఇంటిపేరు ఫలానా మల్లయ్య కొడుకు లింగయ్య ఇన్ని రూపాయలు చదివించాడు, ఆయన గొర్లమంద వేలకు వేలు పెరగాలి, ఆయన బిడ్డ ఇంట్ల తొట్టెల ఊగాలి. కొత్తగా వినేవాళ్లకు ఇది విసుగు. నాక్కూడా చాలాకాలం ఇది కథకు అడ్డమనే అనిపించేది. నిదానంగా ఆలోచిస్తే, చదివించే పేర్లు కథలోని పేర్లతో కలిసిపోవడం యాదృచ్ఛికం కాదు. కాటమరాజు, ఆయన తండ్రి పెద్దిరాజు, ఆ వెంటనే ఈ ఊరి లింగయ్య, ఆయన తండ్రి మల్లయ్య. వంశావళి ఇప్పటిదాకా సాగివచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి దగ్గర ఆగింది. గుట్టు తెలిసే ముందు ఆ గుట్టు నీదేనని ఒప్పించడం అది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చెవితో వినే కుటుంబ నవలకు పెద్ద చిక్కు పేర్లే. వెనక్కి తిప్పి వంశవృక్షం చూసుకునే వీలు లేదు. దీన్ని మన కథకులు ఎలా దాటారో చూడాలంటే వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పల్నాడులోకి పోవాలి. మిర్యాలగూడవాళ్లకు అది అవతలి ఒడ్డు, అంతే. పల్నాటి వీరుల కథ 12వ శతాబ్దపు హైహయ రాజుల ఇంటి కలహం. అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమాదేవి కొడుకు నలగామరాజు. వీరవిద్యాదేవి కొడుకులు పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు. ఇంకో భార్యకు నరసింగరాజు, మరికొందరు. అచ్చులో చదివినా తికమక పడే పేర్లు. పాడేవాళ్లు మనిషి పేరు ఒంటరిగా వదలరు. ఎవరి కడుపున పుట్టాడో, ఎవరి పక్షమో, చేతిలో ఏముందో ప్రతిసారీ కలిపే పలుకుతారు. రాసే వాక్యంలో ఇది పునరుక్తి అనిపిస్తుంది, ఎడిటర్ కొట్టేస్తాడు. చెవికి మాత్రం అదే ఆసరా. మధ్యలో కునుకు తీసి లేచినవాడికి, మందను దొడ్లో కట్టి ఆలస్యంగా వచ్చినవాడికి దారి చూపేది అదే.

ఆ కథలో ఇంకో నేర్పు ఉంది. వినేవాళ్లందరికీ ముగింపు తెలుసు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవం ఏటా జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో ఘట్టం. నలగామరాజు మంత్రి నాగమ్మ ఏం చేస్తుందో, మలిదేవుల పక్షాన పోరే కుర్ర వీరుడు బాలచంద్రుడు ఏమవుతాడో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ఇక దాచడానికి ఏం మిగిలింది? కథలోని మనుషులకు తెలియనిది మిగిలింది. బాలచంద్రుడు తన స్నేహితుడు అనపోతుని యుద్ధానికి రానీయకుండా ఏదో వంక చెప్పి వెనక్కి పంపుతాడు. ఎందుకు పంపాడో మనకు తెలుసు, అనపోతుకు తెలియదు. దారి పొడవునా పాట అతని వెంటే నడుస్తుంది. అసలు సంగతి తెలిశాక అతను ప్రాణం తీసుకుంటాడు. ‘ఎవరు చేశారు’ అన్న కుతూహలం ఒక్కసారితో అయిపోతుంది. ‘అతనికి ఎప్పుడు తెలుస్తుంది’ అన్న బాధ ఏటా కొత్తగా మొదలవుతుంది. ఇవాళ్టి రహస్య నవలలు చాలావరకు మొదటి దాని మీదే బతుకుతున్నాయి, అందుకే రెండోసారి వినబుద్ధి కాదు.

పల్నాటి కథను మొదటిసారి టేపు మీద పూర్తిగా పట్టుకున్నవాళ్లలో జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ముఖ్యుడు. 1970ల్లో కారంపూడిలో ఆలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడుతుంటే రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు. మన తొలి ఆడియో నవల ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ టేపుల్ని చూపిస్తాను. పేరున్న ఇంటి గుట్లు, ఒకే గొంతు, గంటల కొద్దీ శబ్దం. ఆ గొంతుకు ఊరు మాత్రం వెనక ఉంది.

వాకిట్లో వంశకథ చెప్పే పద్ధతి ఒకసారి తిరగబడింది కూడా. సూర్యాపేట, నల్లగొండ పల్లెల్లో 1940ల్లో భూస్వాముల మీద పోరాటం లేచినప్పుడు, సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని అందుకున్నారు. గొంగడి, కర్ర, గుంపుగా వచ్చిన కాపరులు, ప్రశ్న వేసే వంత, జవాబు చెప్పే పెద్ద. రూపం పాతదే. గుట్టు మాత్రం దేశ్‌ముఖుల గడీది. ఇదివరకు వంశం గొప్ప చెబుతూ మధ్యలో మచ్చ జారవిడిచేవారు. ఇప్పుడు మచ్చలే కథ. గడీలో ఆడబాపల బతుకు ఏమిటో, దొరసాని వెంట కట్నంగా వచ్చిన పిల్లకు పుట్టిన బిడ్డకు తండ్రి ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఆ మౌనాన్నే నవల చేసింది. కానీ నవల రావడానికి ముందే ఊరి నడుమ, లాంతరు వెలుతురులో, వంత దాన్ని అడగడం మొదలుపెట్టాడు. ఏ పటేలు ముందు నవ్వుతూ తప్పించుకునేవాడో ఆ పటేలు ముందే.

శబ్దం యంత్రంలోకి ఎక్కాక ఏమైంది? రేడియో ఒగ్గుకథను, బుర్రకథను గంటలోపు కుదించింది. జనగామ దగ్గరి మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) రేడియోలోనూ, దేశమంతటా వేదికల మీదా చెప్పి సంగీత నాటక అకాడెమీ అవార్డు దాకా వెళ్లారు. క్యాసెట్ వచ్చాక ఒక రాత్రి కథ భాగాలుగా తెగింది. అరవై నిమిషాల టేపుకు ఒక్కో వైపు అరగంట. కథకులు దానికీ అలవాటు పడ్డారు. ఒక వైపు అయిపోయే చోట ముడి పడేలా నడక మార్చుకున్నారు. కట్నాల విరామం పోయి, టేపు తిప్పే విరామం వచ్చింది. తర్వాత సీడీలు, ఆ తర్వాత సెల్ దుకాణంలో చిప్‌లో ఎక్కించుకోవడం, ఇప్పుడు యూట్యూబ్. మందను తోలుకుపోతూ చంకకు వేలాడే చిన్న స్పీకరులో మల్లన్న కథ పెట్టుకుని నడిచే గొర్రెలకాపరిని మన రోడ్ల మీద ఎవరైనా చూసి ఉంటారు. అతను ఆడియో నవల శ్రోత కాదని ఎవరంటారు? బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ, ఇద్దరు భార్యల నడుమ మల్లన్న కష్టాలు వింటూ పదిమైళ్లు నడుస్తాడు.

రికార్డింగు గొంతును బాగానే దాచింది. కథకుడు తుండుగుడ్డ తలమీద కప్పుకుని క్షణంలో ఆడమనిషి అయిపోయేది కనిపించదు, నిజమే. కానీ మంచి కథకుడి గొంతులోనే ఆ కొంగు తెలుస్తుంది. బీరప్ప కథలో అక్క మహంకాళి అతన్ని మందలించే తీరు వేరు, అతని భార్య కామరాతి పలికే తీరు వేరు. ఈ విషయంలో ఆడియో నవలలు చదివేవాళ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మనవాళ్లలో చాలామంది ప్రతి పాత్రకూ ఒక వింత గొంతు పెట్టి నాటకం చేస్తారు, లేదా వార్తలు చదివినట్టు చదివేస్తారు. ఒగ్గు కథకుడు గొంతు మార్చడు, నడక మారుస్తాడు. వచనం పరుగెత్తుతుంటే ఒక్కచోట రాగం అందుకుంటాడు. ఏడ్చే ఘట్టంలో ఏడవడు, డోలును నెమ్మది చేయిస్తాడు. ఏడవాల్సింది మనం కాబట్టి.

పోయింది వంత. అసలు ఇబ్బంది ఇక్కడే. చాలా వీడియోల్లో మైకు ఒక్కటే, అదీ ప్రధాన కథకుడి ముందు. వంత మాట దూరం నుంచి గుసగుసగా వినిపిస్తుంది. జనం నవ్వు ఎందుకో అర్థం కాదు. ఎడిటింగ్ చేసేవాళ్లు కట్నాల భాగం మొత్తం కోసేస్తారు, ‘స్కిప్’ అయిపోతుందని. అలా కోసిన కథ వింటే దేవుడి కథగా మిగులుతుంది. ఫలానా ఊళ్లో, ఫలానా ఇంటివాళ్ల ముందు, కొంత భయపడుతూ కొంత తెగిస్తూ చెప్పిన వంశకథగా మిగలదు. చరిత్ర రాసేవాళ్లకు రేపు కావాల్సింది ఆ కోసేసిన ముక్కే. ఏ ఊళ్లో ఏ ఇంటిపేర్లు ఉండేవో, ఎవరికి ఎన్ని గొర్లున్నాయో, ఎవరు ఎంత ఇచ్చారో ఏ రికార్డులో దొరుకుతుంది?

ఇంకో లెక్క కూడా తేలాలి. హక్కుగా కొలిచే వడ్లు దాదాపు ఆగిపోయాయి. మందహెచ్చులవాళ్ల, పటమోళ్ల పిల్లలు కూలికో, పట్నంలో సెక్యూరిటీ పనికో పోతున్నారు. బొమ్మల పెట్టె అటక మీద ఉంది. యాప్‌కు మనం ఏడాది చందా కడతాం, అందులో రచయితకు, చదివినవాళ్లకు ఎంతో కొంత పోతుంది. పెద్దగట్టు మీద ఫోన్ ఎత్తి గంటసేపు తీసి పెట్టుకున్న వీడియోకు లక్షలమంది చూపు దొరికినా, చెప్పిన మనిషికి ఏమీ రాదు, వంత పేరైనా కింద ఉండదు. గుట్టు తెలిసిన మనిషికి ఇచ్చుకోవాల్సింది ఇవ్వకపోతే ఏమవుతుందో పాత రోజుల్లో పటేళ్లకు బాగా తెలుసు. మరుసటి ఏడాది కథలో వాళ్ల తాత ప్రస్తావన కొంచెం మారి వచ్చేది.

పెద్దగట్టు జాతర మళ్లీ 2027 మాఘంలో. రికార్డు చేయాలనుకునేవాళ్లు రెండు మైకులు తీసుకుపొండి. రెండోది వంతకు. కట్నాలు చదువుతుంటే ఆపకండి. మీ పేరు కూడా ఒకటి చదివించండి, తండ్రి పేరుతో సహా.